రెండున్నర మాత్రల న్యాయం

ఇసకలపేట, శ్రీకాకుళం జిల్లా
జూన్ మొదటివారం

ఒరే కామేష్,

నా ఫోను చెడిపోయిందని కంగారుపడకు. అది బాగానే పనిచేస్తోంది, నా దగ్గర లేదంతే. 'అరచేతిలో నిఘా' అనే కరపత్రం చదివాక దాన్ని అమ్మేసి మా యువజన సంఘానికి మైకు కొన్నాను. సంఘంలో ప్రస్తుతం నేనూ మైకూ ఉన్నాం. ఇకమీదట మన మధ్య ఉత్తరాలే. ఉత్తరంలో మనిషి ఆలోచించి మాట్లాడతాడు.

అసలు విషయానికి వస్తాను. నువ్వు ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివి విజయనగరంలో ఏదో మందుల పరిశోధన ప్రాజెక్టులో చేరావు కాబట్టి నీకు రాస్తున్నాను. లేకపోతే నేనే తేల్చేసేవాణ్ణి.

మా చెల్లెలు దేవికి కిందటేడు మూర్ఛలు మొదలైన సంగతి నీకు తెలుసు. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ ఫెనిటాయిన్ మాత్ర రోజుకి రెండు రాసింది. మూర్ఛలు ఆగాయి. దేవి మళ్లీ గంప నెత్తిన పెట్టుకుని, ఆటో ఎక్కి, శ్రీకాకుళం చేపల బజారుకి ఒక్కతే పోవడం మొదలుపెట్టింది. దానికి కావలసింది అంతే. అమ్మ పక్కన కూర్చుని అమ్మడం దానికి నచ్చదు. తన గంప తనకుండాలి, తన బేరం తను ఆడాలి. మొన్న అమ్మవారి పండగకి రెండు రాత్రులు జాగారం చేసింది. మూడోరోజు ఇంటి ముందే పడిపోయింది. మళ్లీ మూర్ఛ. అమ్మ గంప తీసి దూలం మీద పెట్టేసింది. "ఇంక ఒక్కదాన్నీ బజారుకి అంపితే నాను మనిసినే కాదు" అంటోంది. దేవి రోజూ ఆ గంప వైపు చూస్తుంది. 

ఈ సందర్భంలో నేను పరిశోధించగా ఒక ఘోరం బయటపడింది. మా వీధి చివర సూరయ్య మావ ఉన్నాడు కదా, ఎప్పుడో తెరచాప కర్ర తలకి తగిలి మూర్ఛరోగం తెచ్చుకున్నాయన. ఆయనకీ ఇదే మాత్ర. అదే కంపెనీ, అదే రంగు. కాని ఆయనకి మూడు! మగవాడికి మూడు, ఆడపిల్లకి రెండు.

ఆరోగ్య కేంద్రానికి వెళ్లి నిలదీశాను. మందులిచ్చే పృథ్వీరాజ్ గారు, "డాక్టరమ్మ ఏటి రాస్తే అది ఇత్తన్నాను బావూ" అన్నారు.

"ఈ తేడా ఎందుకు?"

"మనిసికో రకం."

మనిషికో రకం! ఈ దేశంలో వేల ఏళ్లుగా అన్యాయానికి చెబుతున్న కారణం ఇదే కదరా.

మా రేవులో పెద్దవల లాగితే, పడిన చేప తాడు పట్టుకున్న వాళ్లందరికీ సమానం. కండలున్నవాడికీ ఒక వాటా, దగ్గుతూ నిలబడ్డ ముసలాడికీ ఒక వాటా. ఎవరెంత లాగారని ఎవరూ అడగరు. మావాళ్లు పాటిస్తున్న ఈ న్యాయం ప్రభుత్వానికి ఎందుకు చేతకాదు? కలెక్టరుకి వినతిపత్రం రాస్తున్నాను. శీర్షిక: 'మూర్ఛరోగులందరికీ సమాన మాత్రలు'. దాన్ని కాస్త శాస్త్రీయంగా దిద్ది పంపు.

అభివందనాలతో,
యుగంధర్


విజయనగరం
జూన్ మూడోవారం

యుగంధర్,

నీ పుణ్యమా అని పోస్టాఫీసు ఎక్కడుందో కనుక్కున్నాను. మా ఇంటికి రెండు వీధుల అవతలేనట. స్టాంపు అడిగితే అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "సేకరిస్తారా?" అన్నాడు.

నీ వినతిపత్రం దిద్దను. వల ఊరందరిదీ కావచ్చు, కాలేయం మాత్రం ఎవరిది వారిదే. ఒకే మాత్ర ఒకరి ఒంట్లోంచి చప్పున బయటికి పోతుంది, ఇంకొకరి ఒంట్లో తిష్ఠ వేస్తుంది. అది పుట్టుకతో వచ్చే తేడా. ఎవరిది ఎటువైపో ముఖం చూసి చెప్పలేం. అందుకే డాక్టర్లు కొద్దిగా మొదలుపెట్టి, చూసుకుంటూ వెళ్తారు. సూరయ్యగారికి మూడు, దేవికి రెండు అన్నదాంట్లో మగా ఆడా లేదు.

జాగారం రోజుల్లో దేవి మాత్రలు వేసుకుందా? నిద్ర లేకపోయినా, మాత్ర తప్పినా మూర్ఛ వస్తుంది. దేవినే అడుగు. అడిగి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లు. మాత్రల లెక్క నువ్వు ముట్టుకోకు. మందు తేడా చేస్తే మనిషి ఏమవుతాడో నేను దగ్గర్నుంచి చూశాను.

నాన్నగారు నిన్ను అడిగారు. "ఆ అరిచే కుర్రాడు ఏం చేస్తున్నాడు?" అని. అరుస్తున్నాడని చెప్పాను.

కామేష్


ఇసకలపేట
జులై మొదటివారం

కామేష్ గారికి,

సలహాకి కృతజ్ఞతలు. 'పుట్టుకతో వచ్చే తేడా' అని రాశారు. ఏ నోటి నుంచి ఏ మాట వస్తోందో చూసుకోండి. మీ ఇంట్లో తరతరాలుగా గుళ్లో వయొలిన్ వాయిస్తారు, మా ఇంట్లో వల లాగుతారు. దానికీ పుట్టుకే కారణమని రేపు ఇంకో ఉత్తరం రాస్తారు.

కాలేయం గురించి నా దగ్గరున్న కరపత్రాలన్నీ తిరగేశాను. కార్పొరేట్ ఆసుపత్రుల గురించి ఉంది, కాలేయం గురించి ఒక్క ముక్క లేదు. కాబట్టి అది అంత ముఖ్యమైన అంశం కాదు.

కలెక్టరాఫీసు నుంచి జవాబు రాలేదు. మేం ఆగలేదు. విషయాన్ని రేవులోనే న్యాయంగా పరిష్కరించుకున్నాం. ఇంతకుమించి మీకు అనవసరం.

దేవిని అడగమన్నారు. అడగలేదు. అడిగితే దాన్ని అనుమానించినట్టు ఉంటుంది. అది బాగానే ఉంది.

యుగంధర్

తా.క. మాస్టారికి, అదే మీ నాన్నగారికి, నమస్కారాలు చెప్పు. ఆయన మీద నాకు కోపం లేదు.


విజయనగరం
జులై రెండోవారం

యుగంధర్,

నువ్వు నాలుగు పేజీలు తిడితే నాకు భయం లేదు. 'ఇంతకుమించి అనవసరం' అన్నావు చూడు, అక్కడ భయమేసింది. హాస్టల్లో కూర న్యాయంగా పంచాలని గరిటె పారేసి కొలతగ్లాసు తెచ్చినప్పుడు కూడా ఇలాగే ముక్తసరిగా మాట్లాడావు. ఆ రోజు చివరి పదిమందికి కూర లేదు.

ఏం పరిష్కరించారు? దేవి ఇప్పుడు ఎన్ని మాత్రలు వేసుకుంటోంది? మీ అమ్మగారికి ఫోను చేస్తే కలవడం లేదు. ఒక్క అంకె రాయి, చాలు.

ఈ ఫెనిటాయిన్‌కి ఒక పాడు గుణం ఉంది. దాన్ని విరగ్గొట్టడానికి ఒంటికి ఒక హద్దు వరకే శక్తి ఉంటుంది. హద్దు దాటితే అర మాత్ర పెంచినా రక్తంలో రెట్టింపుకి పోతుంది. నడక తూలడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడటం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ పేరా దేవికి చదివి వినిపించు.

కామేష్


ఇసకలపేట
జులై నాలుగోవారం

ఒరే కామేష్,

నీ ఉత్తరం అందింది. విప్పలేదు. నీ మీద కోపం ఇంకా చల్లారలేదు. కోపంలో చదివితే నీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. పెట్టెలో భద్రంగా ఉంచాను. ఇది దానికి జవాబు కాదు. ఎవరితోనైనా చెప్పకపోతే నా తల పగిలిపోయేలా ఉంది, అందుకని రాస్తున్నాను.

మా ఊరు మూఢనమ్మకంలో నిలువునా మునిగింది. దేవి వారం రోజులుగా తూలుతూ నడుస్తోంది. మాట ముద్దగా వస్తోంది. నీరసం అనుకున్నాం. మరిడమ్మ తల్లి గుడి దగ్గర పసుపు నీళ్లిచ్చే తాతమ్మ దాన్ని చూసి, "ఒలమ్మో, ఇది నీరసం కాదే, అమ్మోరు దిగింది!" అని కేకేసింది. గంటలో వీధి నిండిపోయింది.

నాగబాబు వచ్చి దేవి కాళ్ల దగ్గర కొబ్బరికాయ పెట్టాడు. "తల్లీ, రేపు ఏటకి ఎల్లమంటావేటి?"

దేవి ఒక కన్ను మూసి అతని భుజం మీదుగా రేవు వైపు చూసింది. "రెండున్నాయి" అంది.

"రెండేటి తల్లీ?"

"పడవలు."

నాగబాబుకి ఉన్నది ఒక్క పడవ. వాడు వెంటనే వాళ్ల బావమరిది పడవ కూడా అడిగి, రెండు వేసుకుని సముద్రం మీదికి పోయాడు. రెండింటి నిండా కోనాం చేప పడింది. అంతే. మర్నాటి నుంచి మా ఇంటి ముందు వరస. దేవి అమ్మని చూసి "ఇద్దరమ్మలు" అంది. కన్నతల్లి ఒకతె, మరిడమ్మ తల్లి ఒకతె అని తాతమ్మ అర్థం చెప్పింది. నన్ను చూసి "ఇద్దరన్నలు" అని మొహం తిప్పేసుకుంది. దానికి తాతమ్మ కూడా అర్థం చెప్పలేకపోయింది.

నేను ఊరుకున్నానా? మైకు పెట్టి, పూనకం అనేది అణగారిన స్త్రీ మనసు చేసే తిరుగుబాటు అని అరగంట మాట్లాడాను. వరసలో వాళ్లు శ్రద్ధగా విన్నారు. ఒక్కరూ వరస వదల్లేదు. అయిపోయాక తాతమ్మ, "బాగా సెప్పినావురా. ఆ మైకు ఓసారి ఇలగియ్యి, కొబ్బరికాయలు ఎటు కొట్టాలో సెప్తాను" అంది.

సూరయ్య మావకి మొన్న వల అల్లుకుంటూ మూర్ఛ వచ్చింది. నాలుక కొరుక్కున్నాడు. ఆయనకి వచ్చి ఏళ్లయింది. ఎండ వల్ల అనుకుంటున్నాం.

నువ్వు ఎలాగూ కెలుకుతావు కాబట్టి చెబుతున్నాను. నాకేం దాపరికం లేదు. మేం చేసింది సమానత్వం. మావవి మూడు, దేవివి రెండు, కలిపితే ఐదు. చెరి రెండున్నర. రోజూ నేనే బ్లేడుతో కోసి ఇద్దరికీ అందిస్తున్నాను. మావ ఒక్క మాట అడ్డు చెప్పలేదు. "ఆడపిల్లకి వాటా ఇయ్యనంతే రేవులో నా మొగం ఎక్కడ ఎట్టుకోను?" అన్నాడు. అలాంటి మనుషులున్న ఊళ్లో ఈ పూనకాలేమిటిరా?

దీన్ని ఖండిస్తూ కరపత్రం వేస్తున్నాను. మంచి శాస్త్రీయ కారణం ఏదైనా ఉంటే రాసి పంపు.

యుగంధర్


ఆరోగ్య కేంద్రం
మధ్యాహ్నం

యుగంధర్,

ఇది పృథ్వీరాజ్ గారి చేతిరాత. మాటలు నావి. నీకు ఫోను లేదు. మీ అమ్మగారు ఎత్తడం లేదు. అందుకని ఆయనకి ఫోనులో చెబుతుంటే ఆయన రాస్తున్నారు. రాయడం అవగానే బండి మీద పట్టుకొస్తారు.

శాస్త్రీయ కారణం అడిగావు. నువ్వే.

దేవికి దిగింది అమ్మవారు కాదు, నువ్వు కోసిచ్చిన అర మాత్ర. ఆ పిల్లకి నిజంగానే రెండు పడవలు కనపడ్డాయి. ఇవాళ మాత్ర ఇవ్వకు. ఇప్పుడే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. 108కి పృథ్వీరాజ్ గారు చేశారు. రక్తంలో మందు ఎంతుందో చూడమని అడుగు. మళ్లీ ఎప్పుడు, ఎంత ఇవ్వాలో వాళ్లే చెప్పాలి. పూర్తిగా మానేసినా ప్రమాదమే, కాబట్టి సొంతంగా ఇంకేమీ కనిపెట్టకు. సూరయ్యగారికి ఈ రోజు నుంచే మళ్లీ మూడు.

నేను రాలేను. ఎందుకో తర్వాత రాస్తాను.

నీ పెట్టెలో నా ఉత్తరం ఉంది. ఇప్పుడు విప్పుతూ కూర్చోకు.

కామేష్

(మనిసికో రకం అని నాను ముందే సెప్పాను. – పృథ్వీరాజ్)


శ్రీకాకుళం పెద్దాసుపత్రి
ఆగస్టు మొదటివారం

ఒరే కామేష్,

జరిగింది మొదట్నుంచీ రాయబోతుంటే పక్క మంచం ముసలాయన తొంగి చూసి, "ముందు పిల్ల బాగున్నాదని రాయి బావూ, సదివేవోడు సచ్చిపోతాడు" అన్నాడు. పిల్ల బాగుంది.

అంబులెన్సు వచ్చేసరికి మా వీధిలో నడవడానికి చోటు లేదు. తాతమ్మ చక్రాల ముందు కూర్చుంది. "అమ్మోర్ని సూదులోళ్లకి అప్పజెప్తావేట్రా, సచ్చినోడా?" అంది. నేను మైకు తీసుకుని, ఇది అమ్మవారు కాదు, మందు ఎక్కువైందని చెప్పాను. "మందు ఎవుడిచ్చినాడు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. మైకు కట్టేశాను.

అప్పుడు దేవి గుమ్మంలోకి వచ్చింది. ద్వారబంధం పట్టుకోబోయింది. లేని ద్వారబంధం పట్టుకుంది. మెట్ల మీద నుంచి బోర్లా పడింది. నుదురు పగిలింది. కామేష్, నేను కదలలేకపోయాను. నాగబాబు లేవదీశాడు.

"నన్ను ఎక్కించండి" అంది. మాట నాలుకకి చుట్టుకుపోతోంది.

"ఎక్కడికి తల్లీ?"

"సికాకుళం."

నాగబాబు వీధి అదిరిపోయేలా, "తల్లి సికాకుళం ఎల్తాదంట! లెగండి, లెగండి!" అని అరిచాడు. చక్రాల ముందు నుంచి తాతమ్మే అందరికన్నా ముందు లేచింది. లేచి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. రోడ్డు దాకా వెనక డప్పులు. నేను లోపల దేవి తల పట్టుకుని కూర్చున్నాను. 

రక్తంలో మందు ఉండాల్సిన హద్దుకి రెట్టింపు దాటిందట. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదని అడిగాను.  "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని ఇక్కడి డాక్టరు నన్నే అడిగాడు.

నిన్నటికి దేవికి మాట తేటపడింది. నన్ను చూసింది. ఒక్కణ్ణే కనపడ్డాను కాబోలు, సూటిగా చూసింది.

"నా మాత్ర పెంచుతున్నావని మావకి సెప్పినావు. రేవులో సెప్పినావు. నాకు సెప్పినావేటి?"

 జాగారం రోజుల్లో మాత్రలు వేసుకున్నావా అని అడిగాను.

"నేదు. రెండు రాత్రులూ మర్సిపోనాను. ఎవులడిగినా సెప్పుదును. ఎవులూ అడగనేదు."

ఇక్కడ కూర్చుని నీ రెండో ఉత్తరం విప్పాను. అమ్మ బట్టలతో పాటు తెచ్చింది. ఆ పేరా మూడుసార్లు చదివాను. దేవికి వినిపించాను. "ఇది ఎప్పుడొచ్చింది?" అంది. చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుంది.

మందు దిగుతుంటే మళ్లీ మూర్ఛ రావచ్చని కాపలా ఉండమన్నారు. ఉన్నాను. ఒక్కటి అడుగుతాను, తిట్టకుండా చెప్పు. మావకి మూడు సరిపోతే, దీనికి రెండున్నర విషం ఎలా అయింది?

యుగంధర్


విజయనగరం
ఆగస్టు రెండోవారం

యుగంధర్,

తిట్టను. తిట్టడానికి దేవి ఉంది.

బజారులో చేప కోసిపెట్టే వాళ్లుంటారు కదా. గంపలు వస్తుంటాయి, వాళ్లు కోసి పంపేస్తుంటారు. కాలేయంలో కూడా మందుని అలా కోసి బయటికి పంపే ఎంజైము ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. సూరయ్యగారి దగ్గర కత్తులు పదునైనవి. మూడు గంపలు వచ్చినా కోసేస్తాయి. దేవివి బహుశా రెండూ మొద్దు కత్తులు. రెండు గంపలకే ఊపిరాడక పనిచేస్తున్నాయి. నువ్వు ఇంకో అరగంప తెచ్చి కుమ్మరించావు. ఇక అక్కడ్నుంచి రోజూ కుప్ప పెరగడమే.

బహుశా అన్నాను. తేల్చాలంటే జన్యుపరీక్ష చెయ్యాలి. అది అన్నిచోట్లా చెయ్యరు. మా ప్రాజెక్టులో చేస్తున్నాం. దేవి ఒప్పుకుంటే రక్తం తీసి పంపిస్తారు. దేవి ఒప్పుకుంటే అన్నాను, గమనించు.

ఇక నేనెందుకు రాలేకపోయానో. ఆ రోజు సాయంత్రం నాన్నగారి కచేరీ ఉంది. ఆయన పక్కన నేనో అమ్మో ఉండాలి, ఆ వేళ అమ్మ ఊళ్లో లేదు. ఎందుకంటే ఆయనకీ మూర్ఛలే. పడిపోయే రకం కాదు. వాయిస్తూ వాయిస్తూ కమాను ఆపి, శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. జనం, "ఆహా, మాస్టారు నాదంలో లీనమైపోయారు" అంటారు. ఒక సభలో అలా ఆగినందుకు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా అమ్మ ఆ పేరే ఖాయం చేసేసింది. మూర్ఛ అంటే శిష్యులు మానేస్తారని భయం. డిగ్రీలో మూడేళ్లు ప్రతి ఆదివారం హాస్టల్ నుంచి వచ్చి నువ్వు మా ఇంట్లో భోంచేశావు, నీక్కూడా చెప్పలేదు.

ఆయనకి మొదట వేరే మాత్ర ఇచ్చారు, కార్బమజెపీన్ అని. లక్షలమంది వేసుకునేదే. రెండు వారాలకి పెదవులు పొక్కి, ఒంటి మీద చర్మం ఊడి వచ్చింది. ఆసుపత్రిలో ఆయన్ని, ఒళ్లు కాలినవాళ్లని అరిటాకు మీద పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు. తర్వాత తేలింది, ఆయనకి ఉన్న ఒక జన్యువుకి ఆ మందు గిట్టదట. ఆ ఒక్క తేడా. మందు మంచిదే, రాసిన డాక్టరు మంచివాడే, వేసుకున్నాయన మంచివాడే. అమ్మ ఎవరడిగినా "ఎండకి దద్దుర్లు" అని చెప్పింది. నువ్వు కూడా సూరయ్యగారికి 'ఎండ' అని రాశావు. ఎండ పాపం అన్నీ భరిస్తుంది.

నేను ఈ చదువులోకి వచ్చింది అందుకు. 'పుట్టుకతో వచ్చే తేడా' అంటే నాకు వేరే అర్థం లేదు.

కామేష్


ఇసకలపేట
ఆగస్టు చివర

ఒరే కామేష్,

మాస్టారి సంగతి ఎవరికీ చెప్పను. మైకులో కూడా.

దేవి ఇంటికొచ్చింది. డాక్టరు రోజుకి ఒకటిన్నర రాశాడు. అమ్మకి ఆ అంకె మింగుడుపడటం లేదు. "రెండేసినప్పుడే పడింది కదరా, ఒకటిన్నరకి ఆగుతాదేటి?" అంటోంది. నాకూ లోపల అదే. దేవి చెంబు కిందపెట్టినా నేను లేచి నిలబడుతున్నాను. నిన్న, "అన్నా, నువ్విలా సూస్తుంటే నాకు మూర్ఛ రాకపోయినా వచ్చీలా ఉన్నాది" అంది.

రక్తం ఇవ్వడానికి ఒప్పుకుంది. సూరయ్య మావ కూడా ఇస్తానన్నాడు. ఏం తేలినా ముందు తనకి చెప్పాలని దేవి షరతు. కాబట్టి ఫలితం నా పేర కాకుండా దాని పేర రాయి.

ఊళ్లో నా పరిస్థితి బాగాలేదు. దేవికి చూపు కుదురుకున్నాక నాగబాబు మళ్లీ వచ్చి అడిగాడు. అది, "ఒక పడవే ఉన్నాది మావా, అదీ తారు పెట్టాల" అంది. అమ్మోరు ఎల్లిపోయింది, ఎల్లగొట్టింది యుగంధరే అని తాతమ్మ తీర్మానించింది. నాకు పసుపు నీళ్లు కూడా ఇవ్వడం మానేసింది. నేను అడిగానని కాదు.

నువ్వు కోప్పడకపోతే ఒక్కమాట. సమానత్వం తప్పంటే నేనొప్పుకోను. తప్పు ఎక్కడుందో వెతుకుతున్నాను.

యుగంధర్


విజయనగరం
సెప్టెంబరు మూడోవారం

చి. దేవికి,

నీ షరతు ప్రకారం నీకే రాస్తున్నాను. మీ అన్నకి వినిపించడమా మానడమా నీ ఇష్టం.

నీకు అమ్మ నుంచి వచ్చిన జన్యువూ, నాన్న నుంచి వచ్చిందీ రెండూ నెమ్మదైనవే. అరుదు, కాని రోగం కాదు. ఈ మాత్ర నీకు కొద్దిగా చాలని మాత్రమే దాని అర్థం. సూరయ్యగారివి రెండూ చురుకైనవి. ఆయన మూడు వేసుకుంటే, నువ్వు ఒకటిన్నర వేసుకుంటే, కిందటి వారం పరీక్షలో ఇద్దరి రక్తంలోనూ మందు దాదాపు ఒకటే ఉంది. ఈ వాక్యం వరకూ మీ అన్నకి తప్పకుండా వినిపించు. వాడికి నిద్రపడుతుంది.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏ మందు రాసినా, ఈ సంగతి ముందు చెప్పు. మాత్ర తప్పకు, నిద్ర మానకు. సముద్రంలోకి దిగకు. చేపలు అమ్ముకోవచ్చా అని ఒప్పుకోలు కాగితం వెనక రాశావు. అది మీ డాక్టరుని అడగాలి. నన్నడిగితే, ఒకటిన్నర మొదలుపెట్టి ఇవాళ్టికి నెల దాటింది, మూర్ఛ లేదు.

కామేష్


ఇసకలపేట
అక్టోబరు రెండోవారం

ఒరే కామేష్,

దేవి నీ ఉత్తరం రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుంది. మూడోరోజు ఆ ఒక్క వాక్యం చదివింది. ఇంకోసారి చదవమన్నాను. "నీకు ఇంతవరకే" అని మడిచేసింది.

నిద్రపట్టింది. లేచి కొత్త వినతిపత్రం రాశాను. ఈసారి మాత్రల అంకె అడగలేదు. మూర్ఛ మాత్ర మొదలుపెట్టే ప్రతివాళ్లకీ ఈ పరీక్షా, రక్తంలో మందు చూసే పరీక్షా జిల్లాలోనే ఉచితంగా చెయ్యాలని అడిగాను. పంపేముందు దేవికీ మావకీ చదివి వినిపించాను. దేవి రెండు చోట్ల కొట్టేసింది. ఒకచోట నేను దాన్ని 'నిస్సహాయ' అన్నానట.

డాక్టరు బజారుకి సరేనన్నాడు. అమ్మ సరేననలేదు. ఇంట్లో నాలుగు రోజులు యుద్ధం.

"నీకు దారిలో వస్తే?"

"వస్తే వస్తాది. బజారులో పక్కన పాతికమంది ఉంతారు. ఇంట్లో వస్తే నువ్వొక్కదానివీ ఏడుస్తావు."

"అన్నని తోడు తీసుకెల్లు."

"ఆడొస్తే నానెల్లను."

చివరికి అమ్మే కుర్చీ ఎక్కి దూలం మీది గంప దించింది. దించి, కడిగి, దేవి చూడకుండా నన్ను పెరట్లోకి పిలిచి, "దానికి కనపడకుండా ఎనక ఎల్లు" అంది.

వెళ్లాను. వేరే ఆటోలో వెళ్లాను. బజారులో మంచుగడ్డల పెట్టెల వెనక నిలబడ్డాను. దేవి గంప దించింది, చేపలు వరసగా పేర్చింది, నీళ్లు చల్లింది.  ఒకావిడ కోనాం ముక్క బేరమాడి సగానికి అడిగింది. "సగానికి తలకాయ వస్తాది, తీసుకెల్లమ్మా" అంది. ఆవిడ పూర్తి ధర ఇచ్చింది. నేను కొంచెం ముందుకు వంగాను. పెట్టె జరిగింది.

దేవి నా వైపు చూసింది. చూసి, పక్క గంపల వాళ్లందరికీ వినపడేలా, "అదిగో ఆడు మా అన్న" అంది. "మాత్రలు బాగా కోస్తాడు. చేపలు కోయించుకోవాలంటే పిలవండి."

బజారంతా నవ్వింది. ఒకాయన నిజంగానే కత్తి అందించాడు. నేను ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. ఏం చూశావని అమ్మ అడిగింది. కూర్చుని అమ్ముతోందని చెప్పాను. ఇంకా ఏటి అంది. ఇంకేమీ లేదన్నాను. అమ్మ వీధిలోకే చూస్తూ కూర్చుంది, నేను చూడనట్టు కూర్చున్నాను.

పొద్దు వాలాక దేవి వచ్చింది. గంపలో ఏమీ మిగల్లేదు. కాళ్లు కడుక్కుని, అన్నం తిని, మాత్రల అట్ట తీసింది. ఒక మాత్ర వేసుకుంది. ఇంకోటి తనే బ్లేడుతో సగానికి కోసి, ఒక ముక్క మింగి నీళ్లు తాగింది. రెండో ముక్క, రేపటిది, నేను చూస్తూ ఉండగానే, చున్నీ కొసన ముడేసుకుంది. రెండు ముళ్లు వేసింది.

యుగంధర్